పాత అంబాసిడర్ గేర్‌బాక్సు ఇంట్లోనే విప్పుతున్నారా? ఈ 26 చిట్కాలు చూడండి

ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. అయినా తాతగారు కొన్న కారనో, నాన్న నడిపిన కారనో అమ్మకుండా షెడ్డులో ఉంచుకున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు టింకరింగు, పెయింటింగు, ఇంజన్ పని హుషారుగా మొదలుపెట్టి గేర్‌బాక్సు దగ్గర ఆగిపోతుంటారు.

నిజానికి 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌తో వచ్చిన పాత అంబాసిడర్ నాలుగు గేర్ల బాక్సు అంత గడ్డు వ్యవహారమేమీ కాదు. బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ బి-సిరీస్ కుటుంబం నుంచి వచ్చింది. ఎంజీఏ, తొలినాటి ఎంజీబీ కార్లలో ఉన్నవి దీని అన్నదమ్ములే. రెండు, మూడు, నాలుగు గేర్లకు సింక్రో, అంటే గేరు పడేముందు తిరిగే భాగాల వేగాన్ని కలిపే అమరిక, ఉంటుంది. ఒకటో గేరుకు, రివర్సుకు ఉండదు. లోపల అరిగే భాగాలు కొన్నే. డబ్బు తగలేసేది అరుగుదల కాదు, లోపల ఏముందో చూడకుండా ముందే పార్టులు కొనేయడం. కింద చెప్పిన చిట్కాలన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: ముందు కొలవండి, తర్వాత కొనండి.

విప్పక ముందు

1. జబ్బు గేర్‌బాక్సుదేనా? ఈ కారులో గేరు రాడ్డు స్టీరింగు కింద ఉంటుంది. అక్కడి నుంచి బాక్సు దాకా రాడ్లు, లివర్లు, వాటి కీళ్లలో బుష్షులు ఉంటాయి. అవి అరిగితే గేరు సగమే పడుతుంది, పడ్డది ఊడి న్యూట్రల్‌కు వస్తుంది. ఒకరు సీట్లో కూర్చుని గేర్లు మారుస్తుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి రాడ్ల కదలిక చూడండి. పైన లివరు కదిలాక కింది రాడ్డు ఆలస్యంగా కదిలితే ముందు బుష్షులు మార్చండి. బాక్సు దించాల్సిన పనే తప్పిపోవచ్చు.

2. క్లచ్‌ను అనుమానించండి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్సు వేయండి. అప్పటికీ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. పెడల్ ఆట, రాడ్డు సర్దుబాటు చూసుకోండి. హైడ్రాలిక్ అయితే సిలిండర్ల లీకు, లైన్లలో గాలి చూడండి. సింక్రో రింగులు పోయాయని తీర్పు చెప్పడం ఆ తర్వాతి మాట.

3. శబ్దాన్ని విడదీసి వినండి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు వచ్చే ఊళ, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగో, కౌంటర్ గేరో (మెయిన్ షాఫ్టు కింద ఉండే గేర్ల గుత్తి) కారణం. తొక్కినప్పుడు మాత్రమే వస్తే రిలీజ్ బేరింగును చూడాలి. ఒకటి, రెండు, మూడులో మోగి నాలుగులో బాగా తగ్గిపోతే దాదాపుగా కౌంటర్ గేరు, దాని నీడిల్ రోలర్లే. ఎందుకంటే నాలుగో గేరు డైరెక్టు. ఇన్‌పుట్ షాఫ్టు తిప్పుడు తిన్నగా మెయిన్ షాఫ్టుకు అందుతుంది, కౌంటర్ గేరు మీద బరువు పడదు. విన్నదంతా తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి.

4. పాత ఆయిల్ పారబోయకండి. ముందు ఆయిల్ పోసే ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోండి. అది కదలకపోతే, కింది ప్లగ్గు విప్పి ఆయిల్ దించేశాక మళ్లీ పోసే దారే ఉండదు. బండి నడిచే స్థితిలో ఉంటే కాస్త తిప్పి తెచ్చి, వెచ్చగా ఉన్నప్పుడే తెల్లటి ప్లాస్టిక్ బేసిన్‌లోకి దించండి. బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే. బంగారు రంగు పొడి మెరిస్తే సింక్రో రింగులో, థ్రస్ట్ వాషర్లో అరుగుతున్నాయి. అయస్కాంతానికి గట్టి ఉక్కు ముక్కలు అంటుకుంటే పళ్లు విరిగాయి, లేదా బేరింగు పగిలింది.

5. పుస్తకం దగ్గర పెట్టుకోండి. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. దొరక్కపోతే ఎంజీఏ లేదా మూడు సింక్రోల ఎంజీబీ మాన్యువల్ చూసి లోపలి అమరిక అర్థం చేసుకోవచ్చు. అయితే అమరికలో పోలిక ఉంది కదా అని ఆ కార్ల పార్టులు దీనికి పడతాయనుకోవద్దు. పళ్ల లెక్క, షాఫ్టు పొడవు వేరుగా ఉండొచ్చు.

6. అసలు బాక్సునే నిలబెట్టండి. ఇంకో కారు ఐదు గేర్ల బాక్సు పెట్టేద్దామని సలహా ఇచ్చేవారుంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించి, 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. దానికి కారు అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త బాక్సు కోసం ఫ్లోరు, క్రాస్ మెంబరు కోయడం మొదలుపెడితే వెనక్కి రావడం కష్టం.

దించేటప్పుడు

7. జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు. గట్టి నేల మీద నాలుగు ఇనుప స్టాండ్లు వేయండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పాపెట్టకుండా పగులుతాయి. స్టాండ్ల మీద నిలిపాక కారును పక్క నుంచి గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందికి వెళ్లండి. బ్యాటరీ వైరు ముందే తీసేయండి.

8. గుర్తులు పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే ముందు రెండు ఫ్లాంజిలకూ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. మళ్లీ అదే చోట బిగిస్తే కొత్త వణుకు రాదు.

9. ఇంజన్‌కు ఆసరా, బాక్సుకు ఆసరా వేరువేరుగా ఇవ్వండి. బాక్సు తీస్తే ఇంజన్ వెనక్కి వాలుతుంది. సంప్ కింద చెక్క పలక పెట్టి జాకీతో ఆపండి. ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేవరకు బాక్సు బరువు దాని మీద వేలాడకూడదు. వేలాడిందా, క్లచ్ ప్లేటు హబ్ వంగిపోతుంది. ఈ పనికి ఇద్దరు మనుషులు ఉండాలి.

10. దించాక ఎలాగూ కనిపించేవి చూసేయండి. క్లచ్ ప్లేటు మందం, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు, రిలీజ్ బేరింగు, క్రాంక్ షాఫ్టు చివరనున్న చిన్న కంచు బుష్షు చూడండి. బుష్షు మార్చాల్సి వస్తే కొత్తదాన్ని రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నానబెట్టి వేయండి.

విప్పేటప్పుడు

11. మూత తీయకముందే బయట కడగండి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, ఇసుక లోపల పడితే చేసిన పనంతా దండగ. కిరోసిన్, బ్రష్షుతో రుద్ది, రంధ్రాలకు గుడ్డ కుక్కి నీళ్లు కొట్టండి. పెట్రోల్‌తో కడగొద్దు. మూసిన షెడ్డులో దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

12. కోడిగుడ్ల అట్టలు దాచండి. నట్లు, వాషర్లు, సర్కిలిప్పులు తీసిన వరుసలోనే గుంటల్లో పెట్టి, పక్కన నంబరు రాయండి. ప్రతి దశలో ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. ఒకటి పై నుంచి, ఇంకొకటి పక్క నుంచి. వాషరు ఏ ముఖం ఎటువైపు ఉందో ఫొటోలో కనబడాలి.

13. గోళీలు ఎగిరిపోతాయి. సింక్రో హబ్‌లోను, సెలెక్టర్ రాడ్ల దగ్గర స్ప్రింగుల మీదా చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి. స్లీవు జరగ్గానే స్ప్రింగు వాటిని తన్నేస్తుంది. హబ్‌ను పెద్ద పారదర్శక పాలిథిన్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి పోనిచ్చి విడదీయండి. షెడ్డు మూలల్లో టార్చిలైటుతో వెతుకులాట తప్పుతుంది.

14. హబ్, స్లీవుల జోడీ విడదీయకండి. విప్పేముందు రెండింటి మీదా ఒకే వరుసలో పెయింటు చుక్క పెట్టండి. ఏళ్లుగా కలిసి అరిగిన ముఖాలు మళ్లీ కలిస్తేనే గేరు సాఫీగా జరుగుతుంది. ఈ బాక్సులో ఒకటో గేరు చక్రమే రెండో గేరు సింక్రోకు స్లీవుగా కూడా పనిచేస్తుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

15. ఉత్తుత్తి షాఫ్టు ఒకటి చేయించుకోండి. కౌంటర్ గేరు లోపల నీడిల్ రోలర్లు ఉంటాయి. అసలు షాఫ్టు లాగేస్తే అవన్నీ జలజలా రాలతాయి. దానికంటే కాస్త సన్నగా, కౌంటర్ గేరు పొడవుకు సరిపడా ఒక ఇనుప కడ్డీని లేత్ షాపులో తీయించండి. దాన్ని ఒకవైపు నుంచి తోస్తూ అసలు షాఫ్టును రెండోవైపు బయటికి పంపితే రోలర్లు, థ్రస్ట్ వాషర్లు ఉన్నచోటే ఉంటాయి. గేరు మెల్లగా కేసు అడుగుకు దిగుతుంది, అప్పుడు మెయిన్ షాఫ్టు తీయడానికి చోటు దొరుకుతుంది. తిరిగి బిగించేటప్పుడు కూడా ఇదే కడ్డీ కావాలి.

16. సుత్తి ఆఖరి అస్త్రం. బేరింగులకు పుల్లర్ వాడండి. కొట్టక తప్పకపోతే మధ్యలో ఇత్తడి లేదా రాగి కడ్డీ పెట్టి కొట్టండి. ఉక్కు మీద ఉక్కు పడితే షాఫ్టు అంచు లేస్తుంది, ఆ తర్వాత బేరింగు ఎక్కదు. ఎంతకీ రాకపోతే ఆగి చూడండి, సర్కిలిప్ ఒకటి తీయడం మరిచి ఉంటారు.

కడిగి, కొలిచేటప్పుడు

17. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు. కేసుకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటకపోతే అది అల్యూమినియం. కాస్టిక్ సోడా నీళ్లలో ముంచితే అల్యూమినియం కరిగిపోతుంది. కిరోసిన్ తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లు చాలు. బాగా ఆరబెట్టి, ఉక్కు భాగాలకు వెంటనే పల్చగా ఆయిల్ పూయండి. లేకపోతే వానాకాలంలో తెల్లారేసరికి తుప్పు పడుతుంది.

18. కౌంటర్ షాఫ్టు మీద గోరు గీయండి. ఈ బాక్సులో ముందుగా పోయేది ఇదే. షాఫ్టు తిరగదు, దాని చుట్టూ గేరు తిరుగుతుంది. అందుకే అరుగుదల అంతా బరువు పడే ఒక్క పక్కనే ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. మూడొంతులు అద్దంలా మెరిసి, ఒక పక్కన మాత్రం రోలర్లు నడిచిన చారలో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. గోరు నిలువునా లాగితే ఆ గుంటల్లో తట్టుకుంటుంది. తట్టుకుంటే ఆ షాఫ్టు, రోలర్లు రెండూ మార్చాల్సిందే. కొత్త రోలర్లు వేసి పాత షాఫ్టు ఉంచితే ఊళ మళ్లీ మొదలవుతుంది. గేరు లోపలి రంధ్రం కూడా ఇలాగే వేలితో తడిమి చూడండి.

19. పళ్ల మూలలు చూడండి. ఒకటో గేరుకు సింక్రో లేదు కాబట్టి బండి కదులుతుండగా లాగివేసే అలవాటున్న డ్రైవర్ల చేతిలో ఆ పళ్ల మూలలు రాలిపోయి ఉంటాయి. మూల మాత్రమే గుండ్రంగా అయితే నడుస్తుంది. పన్ను వెడల్పులో కొంత భాగం పోయినా, పని చేసే ముఖం మీద పొర లేచినా ఆ చక్రం మార్చాలి. దానితో పళ్లు కలిపే కౌంటర్ గేరునూ, రివర్సు చక్రాన్నీ అప్పుడే పరీక్షించండి.

20. సింక్రో రింగుకు రెండు పరీక్షలు. రింగు లోపలి వైపు సన్నటి గాట్లుంటాయి. గేరుకున్న కోన్ మీది ఆయిల్ పొరను కోసి పట్టు దొరికించేవి అవే. గాట్ల అంచులు పదునుగా ఉండాలి, చదునై మెరుస్తుంటే పని అయిపోయినట్టే. రెండో పరీక్షకు రింగును దాని కోన్ మీద నొక్కి తిప్పండి. కరుచుకోవాలి. అలా నొక్కిపట్టి రింగుకూ గేరు పళ్లకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో మూడు చోట్ల కొలవండి. కొత్త రింగు ఒకటి తెచ్చి అదే కోన్ మీద కొలిచి పోల్చండి. కొత్త దానితో కూడా సందు పెరగకపోతే అరిగింది కోన్. రింగు మీద డబ్బు పెట్టి లాభం లేదు.

21. బేరింగును కారు పేరుతో కాదు, నంబరుతో అడగండి. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. వెర్నియర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కూడా రాసుకోండి. బయటి రింగుకు సర్కిలిప్ గాడి ఉందో లేదో గమనించండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, సీళ్లు, పనిముట్ల దుకాణాలున్నాయి. లేత్ పనికీ పాత పార్టులకూ విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. గేర్లు, షాఫ్టులు అక్కడ దొరక్కపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్లలో వాకబు చేయించండి. పాత పార్టు చేతిలో లేకుండా ఏ దుకాణం మెట్లూ ఎక్కొద్దు.

బిగించేటప్పుడు

22. సందు సరిచూడందే షాఫ్టు తోయకండి. కౌంటర్ గేరు రెండు చివర్లా థ్రస్ట్ వాషర్లుంటాయి. గేరు ముందుకీ వెనక్కీ కదిలే ఆట ఎంతో ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మూడు సింక్రోల ఎంజీబీ బాక్సుకు ఇది 0.002 నుంచి 0.003 అంగుళాలు. మీ బాక్సు లెక్క మీ మాన్యువల్‌లో చూసుకోండి. ఎంత సూక్ష్మమైన పనో తెలియడానికి ఈ అంకె చెప్పాను. ఆట ఎక్కువైతే మందం వాషరు, బిగుతైతే పల్చటి వాషరు. నీడిల్ రోలర్లను గ్రీజుతో అంటించి, ఉత్తుత్తి షాఫ్టుతో నిలపండి. తీసినన్ని ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువైనా మిగతావి అడ్డం తిరుగుతాయి.

23. బేరింగుకు వేడి, షాఫ్టుకు చలి. షాఫ్టును పాలిథిన్‌లో చుట్టి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. బేరింగును ఆయిల్ గిన్నెలో సుమారు 100 డిగ్రీలకు వేడిచేయండి, 120 దాటనివ్వకండి, మంట నేరుగా తగలనివ్వకండి. దాదాపు దానంతటదే జారుతుంది. నొక్కాల్సి వస్తే షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే, కేసులోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కండి. తప్పు రింగు మీద నొక్కితే గోళీల బాటలో గుంట పడి, కొత్త బేరింగు తొలిరోజే మోగుతుంది. వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

24. మూత వేయకముందు చేత్తో తిప్పండి. సెలెక్టర్ రాడ్ల మధ్య ఉండే అడ్డుగోళీ, పిన్ను పెట్టడం మరిస్తే ఒకేసారి రెండు గేర్లు పడి బాక్సు బిగుసుకుపోతుంది. అందుకే ఒక రాడ్డు జరిపి, రెండోది కదలకుండా ఆగుతోందో లేదో చూడండి. తర్వాత ఒక్కో గేరులో ఇన్‌పుట్ షాఫ్టు తిప్పుతూ అవతలి చివర ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నాలుగులో చుట్టుకు చుట్టు. మూడు, రెండు, ఒకటికి వెళ్తున్నకొద్దీ ఇన్‌పుట్‌ను ఎక్కువ చుట్లు తిప్పాలి. రివర్సులో దిశ మారాలి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే మళ్లీ విప్పండి. ఇప్పుడు బల్ల మీద అరపూట పని, కారుకు బిగించాక మళ్లీ మొదటికే. మూత బిగించేటప్పుడు మూసుకుపోయే బోల్టు రంధ్రాల్లో ఆయిల్ లేకుండా తుడవండి. ఆయిల్ మీద బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికి కేసు పగులుతుంది. ఈ కుటుంబపు పాత బాక్సుల్లో ముందు మూతకు ఆయిల్ సీలు కాకుండా, ఆయిల్‌ను వెనక్కి తోసే మరల గాడి ఉంటుంది. సీలు పోయిందని వెతకొద్దు, ఆ గాడిలో ప్యాకింగ్ గమ్ము నింపొద్దు.

ఎక్కించాక

25. తెలిసిన ఆయిలే పోయండి. గేర్‌బాక్సు అనగానే 90 నంబరు ఆయిల్ తెచ్చేయడం అలవాటు. ఎంజీబీ బాక్సులో పోసేది ఇంజన్ ఆయిల్! మీ మాన్యువల్ ఏది చెబితే అదే గ్రేడు తీసుకోండి. గేర్ ఆయిలే వాడాల్సి వస్తే డబ్బా మీద జీఎల్-4 అని ఉందో లేదో చూడండి. చాలా జీఎల్-5 ఆయిళ్లలో గంధకం కలిసిన రసాయనాలు ఎక్కువగా ఉండి కంచు రింగులను తినేస్తాయి. మట్టం నిండగానే ఆపండి, ఎక్కువ పోస్తే ముందు నుంచి కారి క్లచ్ ప్లేటు తడుస్తుంది. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి దించి, అయస్కాంతం పెట్టి చూసి, కొత్తది పోయండి. బండి పూర్తిగా ఆగాకే ఒకటో గేరు వేయండి. ఎక్కుడులో కదులుతుండగా వేయక తప్పకపోతే డబుల్ క్లచ్ కొట్టండి: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి కాస్త రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు.

26. నోటుబుక్కు కారులోనే ఉంచండి. ఏ వాషరు ఎంత మందం వేశారు, ఏ బేరింగు నంబరు, ఏ ఆయిల్, ఏ తేదీ అన్నవన్నీ శుభ్రంగా రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. తీసేసిన పాత పార్టుల్లో గుంటలు పడిన షాఫ్టు, పగిలిన బేరింగు తుక్కులో వేయవచ్చు. మిగతావి, ముఖ్యంగా గేర్లు, హబ్‌లు, ఫోర్కులు ఆయిల్ పూసి, చీటీ కట్టి దాచండి. ఈ పార్టులు కొత్తగా తయారయ్యే కాలం పోయింది. మీకు పనికిరానిది ఇంకో ఊళ్లో ఇంకొకరి అంబాసిడర్‌ను నడిపించవచ్చు, వాళ్ల దగ్గర మీకు కావలసింది దొరకనూ వచ్చు.